గాదె నింపుటయు విద్యయే

2025వ సంవత్సరము మార్చి నెలలో వీచిన పెనుగాలికి కడప జిల్లా లింగాల మండలమున అరటితోటలు నేలకొరిగినవి. గెలలు దిగి కోతకు రానున్న చెట్లు నడుమకు విరిగి పడినవి. అప్పుచేసి పెట్టుబడి పెట్టిన రైతుల దుఃఖము వర్ణింప నలవికాదు. నష్టపరిహారమును గూర్చియు, పంటల బీమాను గూర్చియు పెద్దలు పలికిరి, పత్రికలు వ్రాసినవి. అది యుక్తమే, ఆ సహాయము రైతునకు న్యాయముగా రావలసినదే. కాని అట్టి సమయమున అడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. వర్తకుని లారీ వలదని త్రోసివేసిన పచ్చి గెలను ఏమి చేయవలెనో ఆ యూరి పిల్లవానికి తెలియునా?

పచ్చి అరటికాయను తొక్కు దీసి, పలుచని బిళ్ళలుగా తఱిగి, ఉప్పునీట ముంచి, సీమలో కాయు వేసవి యెండలో ఆరబెట్టినచో కొలది దినములకే అవి పెళపెళలాడు నట్లగును. వానిని విసరినచో పిండి యగును. తడి తగులని డబ్బాలో ఆ పిండి నెలల తరబడి నిలుచును; జావకును రొట్టెకును పనికివచ్చును. తోటంతయు పోయిన రైతు నష్టము దీనితో తీరునని మేము చెప్పము. అట్లు చెప్పుట పుండుమీద కారము చల్లుట యగును. మేము చెప్పదలచినది వేఱు. ఎండ యున్నది, ఉప్పు ఉన్నది, కాయ యున్నది, పని చేయగల చేతులును ఉన్నవి. వీనిని కూర్చు విద్య మాత్రము ఇండ్లనుండి తొలగిపోవుచున్నది. పండించు విద్యకు విశ్వవిద్యాలయములు వెలసినవి. పండినదానిని కాపాడు విద్య అవ్వల చేతులలో మాత్రమే మిగిలియున్నది. ఆ చేతులు ఆగిపోకముందే ఆ విద్యను పిల్లల చేతులకు అందింపవలెననియు, అందులకు తగిన స్థలము పాఠశాలయే యనియు మా మనవి.

పూర్వులు దీనిని రాజధర్మముగా నెంచిరి

లింగాలకు ఉత్తరమున, జమ్మలమడుగు సమీపమున, పెన్నానది కొండను చీల్చుకొని పాఱు చోట గండికోట యున్నది. పెమ్మసాని నాయకులు ఏలిన ఆ దుర్గము 1650లో మీర్ జుమ్లా వశమయ్యెను. నేడు కోటలో మిగిలిన కట్టడములలో దేవాలయములతోను మసీదుతోను సమానముగా కన్నులను నిలుపునది యొక రాతి ధాన్యాగారము. దుర్గమును రక్షించునవి బురుజులును ఫిరంగులును మాత్రమే కావు. లోపల నిల్వయున్న గింజలు తీరిన దినముననే కోట పడిపోవును. ఈ సత్యమును ఎఱిగినవారు గనుకనే దేవునికి కట్టినంత శ్రద్ధతో ధాన్యమునకును ఇల్లు కట్టిరి.

ఇది సీమకు మాత్రమే తెలిసిన నీతి కాదు. 1909లో మైసూరునందు శ్యామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షునకు ప్రత్యేక ప్రకరణమే యున్నది. నిల్వలో సగము ప్రజల ఆపత్తులకై ఉంచి, సగము మాత్రమే వాడవలెనని అందు విధింపబడినది. పాతదానిని తీసి క్రొత్తదానిని చేర్చుచుండవలెనని కూడ చెప్పబడినది. నేటి గిడ్డంగులవారు ముందు వచ్చినది ముందు పోవలెనని చెప్పు నియమము ఇదియే కదా.

రాజునకు ధాన్యాగార మెట్లో రైతునకు పాతర అట్లు. గట్టిగా, పొడిగా నుండు మెరక నేలలో గొయ్యి త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పేర్చి, జొన్నలు నింపి, పైన మరల గడ్డి పఱచి, మన్నుతో మెత్తి మూసెడివారు. లోపలి గింజలును పురుగులును శ్వాసించి అందున్న ప్రాణవాయువును హరింపగా, బొగ్గుపులుసు వాయువు నిండి పురుగు చచ్చెడిది, ధాన్యము మిగిలెడిది. పాతర తెఱచినంతనే ఎవ్వరును దిగెడివారు కారు. కొంతసేపు గాలి పోనిచ్చి, దీపము దింపి, అది ఆఱక నిలిచినప్పుడే మనిషి దిగెడివాడు. పురుగును చంపిన వాయువు మనిషినిగూడ చంపును గదా. రసాయనశాస్త్రము చదువని రైతు ఇంత రసాయనశాస్త్రము ఎఱిగియుండెను. పాతర, గాదె, గరిసె, కాగు, బాన, జాడీ, ఉట్టి, అటక అను మాటలు నేటి పిల్లలలో ఎందరికి తెలియును? మాట పోయిన యింట ఆ మాట చెప్పు పనియు పోయినదనియే యెంచవలెను.

కఱవు చెప్పిన పాఠము

ఏటికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన, అదియు కాలము తప్పి కురియుట, ఇది కడప జిల్లా భాగ్యము. ఇట్టి దేశమున నిల్వ యనునది విలాసము కాదు, ఆయువు. 1876లో ప్రారంభమై 1878 వఱకు సాగిన ధాత కఱవున దక్షిణ భారతమున యాబది లక్షలకు పైగా జనులు నశించిరని అంచనా. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కడప జిల్లా జనసంఖ్య పెరుగుటకు మాఱు తఱిగిపోయెను. అప్పుడు ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్ కఱవు పనులకు వచ్చిన పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములును, ఒక అణాయును చాలునని నిర్ణయించెను. మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ ఇది మనిషిని నిలుపజాలదని పోరాడవలసి వచ్చెను. ఆ కాలమందే ధాన్యము ఓడలనెక్కి విదేశములకు పోవుచుండెను.

ఇంటింట పాతర యున్న పల్లె యొక యేడు వానలేమికి తట్టుకొనెడిది. రెండవ యేడు కష్టముతో గడపెడిది. అప్పునకును శిస్తునకును కళ్ళములోనే గింజలనమ్ముకొన్న పల్లె మొదటి యేటనే వీధిని పడెడిది. వాన రాకుండుట దైవాధీనము. ఇంట గింజ లేకుండుట దైవాధీనము కాదు. ఈ భేదమును పిల్లలకు చెప్పకుండ కఱవుల తేదీలు మాత్రము వల్లె వేయించిన చరిత్రబోధ నిష్ప్రయోజనము.

మఱపు ఎట్లు వచ్చినది

ఈ విద్య ఒక్కనాట పోలేదు. ఎవరి నేరమో అని నిందించుటకును వీలులేదు. రైలు వచ్చి ధాన్యమును కదలించినది. వేరుసెనగవంటి అమ్ముడు పంటలు జొన్న, కొఱ్ఱ చేలను ఆక్రమించినవి. గింజను దాచుట పోయి రూపాయిని లెక్కించుట వచ్చెను. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. దానివలన పేదల యాకలి తీరినది. ఆ పథకమును మేము తేలికగా మాటలాడము. అయితే నెలకొక సంచి ఇంటికి వచ్చుచుండగా ఏడాది గింజలు కాపాడు నేర్పుతో ఎవ్వరికి పని? సంగటి పోయి అన్నము వచ్చినట్లే, గరిసె పోయి సంచి వచ్చినది.

లింగాల మండలమునందలి పార్నపల్లె యొద్ద చిత్రావతిపై జలాశయము కట్టబడినది, బోరుబావులు త్రవ్వబడినవి. అరటియు, చీనియు పచ్చగా నిలిచినవి. ఇది సంతోషింపదగినదే. కాని పండు స్వభావము గింజ స్వభావము వంటిది కాదు. జొన్న రెండేండ్లు వేచియుండును. అరటిపండు వారము వేచియుండదు. పండ్లు పండించు ప్రాంతమునకు నిల్వ విద్య గింజలు పండించు ప్రాంతముకన్న అధికముగా కావలెను. మనకు జరిగినది దీనికి విరుద్ధము: పంట సున్నితమైన కొలది నేర్పు మొద్దువాఱినది. 2020 మార్చి 24 అర్ధరాత్రి మొదలు దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు, లారీలు కదలక, పండ్లతోటల రైతులు చెట్లమీదనే పండిపోవు పంటను చూచి తల్లడిల్లిరి. దూరపు సంత యొక్కటే మార్గమైనవానికి ఆ మార్గము మూసికొన్ననాడు వేఱు దిక్కు లేదు.

ఈ వ్యర్థము మనకే పరిమితము కాదు. 2022లో ప్రపంచమున ఇండ్లలోను, హోటళ్ళలోను, అంగళ్ళలోను పాఱవేయబడిన ఆహారము 105 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క గట్టినది. అంగడి చేరకముందే, కోతకును అమ్మకమునకును నడుమ, సుమారు 14 శాతము పోవుచున్నదని ఆహార వ్యవసాయ సంస్థ 2019లో తెలిపినది. అన్నమును నిందింపరాదు, విడువరాదు, వృద్ధి చేయవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధించిన దేశమున ఇది సిగ్గుపడవలసిన విషయము కాదా?

పుస్తకమున ఉన్నది, చేతిలో లేదు

పాఠ్యగ్రంథములలో ఈ విషయము లేదని చెప్పుట అన్యాయము. 2008లో జాతీయ విద్యాపరిశోధన సంస్థవారు ప్రకటించిన అయిదవ తరగతి పరిసరాల గ్రంథమున మన ఆత్రేయపురపు మామిడితాండ్రయే పాఠముగా వచ్చినది. తోటలో ఆడుకొను అన్నదమ్ములిద్దఱు తండ్రితో కలసి మామిడిపండ్ల గుజ్జును వడగట్టి, బెల్లమును చక్కెరను కలిపి, చాపమీద పొరపై పొరగా ఎండబెట్టిన కథ అది. గోదావరి తీరపు తెలుగింటి విద్యను దేశమందలి పిల్లలెల్లరు చదివిరి. ఎంత గర్వింపదగిన విషయము! కాని దానిని చదివిన పిల్లలలో ఒక చాపెడు తాండ్రయైన చేసినవారెందరు? విజ్ఞానశాస్త్ర గ్రంథములందును ఉప్పు, చక్కెర, నూనె, ఎండ అను సాధనముల ప్రస్తావన యుండును. పిల్లవాడు దానిని వల్లించును, పరీక్షలో వ్రాయును, మార్కులు తెచ్చుకొనును. ఇంటికి పోయి తడిగరిటె జాడీలో ముంచును.

ఫ్రాన్సు దేశమున నికొలా అప్పేర్ అను వంటవాడు సీసాలలో ఆహారమును మూసి కాచి నిలుపు పద్ధతిని కనుగొనగా, ఆ ప్రభుత్వము 1810లో అతనికి 12,000 ఫ్రాంకుల బహుమాన మిచ్చెను. అది ఏల నిలుచునో పాస్టరు అర్ధశతాబ్దము తరువాతగాని వివరింపలేదు. అనగా చేయి ముందు కనుగొన్నది, శాస్త్రము పిదప వివరించినది. మన అవ్వల చేతులు కనుగొన్నవానికి బహుమానము మాట అటుంచి, వినువారైనను లేకపోయిరి.

1937 అక్టోబరులో వార్ధాలో సమావేశమైన విద్యావేత్తల యెదుట గాంధీమహాత్ముడు చేతిపని ద్వారా సర్వవిద్యలను బోధింపవలెనని ప్రతిపాదించెను. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము దానికి రూపము నిచ్చెను. రాట్నము ఆ విద్యకు గుర్తుగా నిలిచినది. ఎండ మండు సీమకు జాడీయు అట్టి గుర్తే కాగలదు. తూకము, శాతములు అను గణితము. ఆవిరి, సూక్ష్మజీవులు అను శాస్త్రము. కఱవులు అను చరిత్ర. మఱుగుపడిన మాటలు అను భాష, ఇవన్నియు ఒక్క జాడీలో ఇముడును.

ఇందులకు క్రొత్త చట్టము అక్కరలేదు. 2020 జాతీయ విద్యావిధానము ఆఱు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలకు పుస్తకసంచి లేని పది దినములను విధించి, ఆ దినములలో స్థానిక వృత్తి నిపుణుల యొద్ద పని నేర్వవలెనని చెప్పినది. లింగాల వంటి యూర అవ్వకన్న మించిన స్థానిక నిపుణుడెవ్వడు? ఆ పది దినములు వేసవి యెండలు ముదురునప్పుడు, ఒంటిపూట బడుల కాలమున, ఈ విద్యకై వినియోగింపవలెను.

పది దినములలో ఏమి నేర్పవచ్చును

మొదట తడిని గుర్తించుట నేర్పవలెను. ఆహారమును చెడగొట్టు శత్రువులలో తడియే సేనాపతి. పొడి గాజుసీసాలో జొన్నలును, పొడి ఉప్పును వేసి కొంతసేపు కుదిపి నిలుపవలెను. ఉప్పు గాజునకు అంటుకొన్నచో గింజలో తడి యధికమనియు, ఉప్పు రాలిపోయినచో నిల్వకు తగినదనియు తెలియును. ఏ యంత్రమును అక్కరలేని ఈ పరీక్షను పదేండ్ల పిల్లవాడు చేయగలడు. వేరుసెనగకు వేఱు పరీక్ష: కాయను చెవియొద్ద ఆడించినచో లోపలి గింజ గలగలమనవలెను. మన పెద్దలు చెవితో కొలిచిన కొలత ఇది.

రెండవది వరుగు. కిలో టమాటాలో సుమారు 940 గ్రాములు నీరే. పిల్లలు పండ్లను తూచి, ముక్కలుగా కోసి, ఉప్పు చల్లి, పలుచని గుడ్డ కప్పి ఎండబెట్టవలెను. ప్రతి సాయంకాలము తూచి పలకపై వ్రాయవలెను. తూకము ఇక తఱుగని దినమున వరుగు సిద్ధమైనట్లు. వంకాయ, గోరుచిక్కుడు, కాకర, అరటికాయ, ఏది యెంత తఱుగునో తులనము చేయవచ్చును. సంతలో టమాటాలకు ధర పడిపోయి రైతు రోడ్డుపై పాఱబోయు దినమున ఈ పలక లెక్క వానికి జ్ఞాపకము రావలెను.

మూడవది ఉప్పు. మామిడి ముక్కల తూకములో ఐదవవంతు ఉప్పు ఒక జాడీలో, ఇరువదవవంతు మాత్రమే మఱియొక జాడీలో వేసి, పక్షము దినములు చూడవలెను. మొదటిది ఊట నూరి నిలుచును. రెండవది బూజు పట్టును. పిల్లలు రెండవదానిని తినరాదు, చూడవలెను. ఉప్పు ముక్కనుండి నీటిని లాగి, సూక్ష్మజీవికి త్రాగ నీరు లేకుండ చేయునని అప్పుడు చెప్పిన మాట జన్మాంతము మఱపునకు రాదు. ఆ సందర్భముననే 1930లో దేశము ఉప్పుకొఱకు ఏల చెఱసాలలు నింపెనో, ఆ పన్ను 1947లో గాని ఏల పోలేదో చెప్పవలెను. ఉప్పు పేదవాని రుచి మాత్రమే కాదు, పేదవాని నిల్వకును ఆధారము.

నాల్గవది పప్పుధాన్యము. రెండు డబ్బాలలో కందులు పోసి, ఒకదానిలో కిలోకు చిన్న చెంచాడు ఆముదమో వేరుసెనగ నూనెయో పట్టించవలెను. రెండవదానిని అట్లే విడువవలెను. నలువది దినముల పిదప పుచ్చిన గింజలను లెక్కింపవలెను. గింజపై పురుగు పెట్టిన గ్రుడ్డునకు నూనెపొర ఊపిరి ఆడనీయదు. కందులకు ఎఱ్ఱమన్ను పట్టించుట, గింజలలో బూడిద కలుపుట, వేపాకు వేయుట, వీనిని గూడ ప్రక్కప్రక్కన పరీక్షించి ఏది యెంత పనిచేయునో పిల్లలే నిర్ణయింపవలెను. పెద్దలు చెప్పిరని నమ్ముటయు వలదు, పాతదని త్రోయుటయు వలదు, లెక్కించి గ్రహింపవలెను.

ఐదవది చల్లని గది. ఇటుకలతో రెండు వరుసల గోడ కట్టి, నడుమ నాలుగు వేళ్ల సందున ఇసుక నింపి, ఉదయసాయంకాలములు తడుపుచు, పైన తడి గోనెపట్టా కప్పినచో లోపల కూరగాయలు దినముల తరబడి వాడకుండును. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు రూపొందించిన ఈ సాధనమునకు విద్యుత్తుతో పనిలేదు. మన నీళ్ళకుండ చల్లబడు సూత్రమే ఇందును ఉన్నది. పాఠశాల ఆవరణమున దీనిని పిల్లలే కట్టి, మధ్యాహ్న భోజనపు కూరగాయలను అందు నిలుపవచ్చును.

మిగిలిన దినములలో చింతపండు పిక్కలు తీసి ఉప్పు చేర్చి కుండకెత్తుట, వెన్న కాచి నెయ్యి చేయుట, వేరుసెనగను బెల్లపు పాకముతో ముద్ద చేయుట నేర్పవచ్చును. ప్రతి డబ్బాపై పేరును తేదీని వ్రాసి పాతది ముందు వాడుట అలవాటు కావలెను. చివరి దినమున పిల్లలు తాము నిల్వ చేసినవానిని వండించి, లెక్క చెప్పి, ఊరివారికి వడ్డింపవలెను. ఈ మొత్తమునకు కావలసినవి కొన్ని జాడీలు, ఒక త్రాసు, ఉప్పు, నూనె, కొన్ని ఇటుకలు. ఒక పెండ్లిపందిరి ఖర్చులో పదియవవంతు కూడ కాదు.

తెలియనిచో అపాయము

ఈ విద్యలో నిర్లక్ష్యమునకు తావులేదు. 1960లో ఇంగ్లాండున లక్షకు మించిన సీమకోళ్ళు కారణము తెలియక చచ్చినవి. వానికి మేపిన వేరుసెనగ పిండిలో బూజు పుట్టించిన విషమే కారణమని తేలినది. అఫ్లాటాక్సిన్ అని దానికి పేరు. అది కాలేయమును చెఱచును, కాలేయపు క్యాన్సరు వ్యాధికిని కారణమగును. వేపినను ఉడికించినను పూర్తిగా నశింపదు. కోతకు ముందు వాన లేక చేను బెట్టకు వచ్చినప్పుడును, కాయ సరిగా ఎండక మూటగట్టినప్పుడును ఈ బూజు పట్టును. వేరుసెనగ పండు మన సీమలో ఈ సంగతి ప్రతి పిల్లవానికి తెలిసియుండవలెను. మంచి గింజలనమ్మి, ముడుచుకొన్నవియు రంగు మాఱినవియు ఇంటికుంచుకొను అలవాటు పొదుపు కాదు, పిల్లలకు విషము పెట్టుట. బూజును గీకి మిగిలినది తినుటయు అట్టిదే.

రెండవ అపాయము ఇంతకన్న ఘోరము. పురుగు పట్టకుండుటకై కొందఱు ధాన్యపు గదులలో అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు పెట్టుదురు. గాలిలోని తడి సోకినంత మాత్రమున దానినుండి ప్రాణాంతకమైన వాయువు వెలువడును. మనుష్యులు నిద్రించు ఇంట దానిని ఉంచుట ఆత్మహత్యతో సమానము. చెంచాడు ఆముదముతో తీరు పనికి ఇంత విషము తెచ్చుకొనుట మఱపునకు మనము చెల్లించు వెల.

ఎవరు చేయవలెను, ఎవరు తినవలెను

ఊరగాయ జాడీ చుట్టును మనవారు మడి అను కంచె కట్టిరి. అందు సారము లేకపోలేదు: తడి చేయి తగులరాదు, ఎంగిలి కలియరాదు, గరిటె శుభ్రముగా నుండవలెను. ఈ సారమును పిల్లలకు నేర్పవలెను. కాని మైల యని స్త్రీని, కులమని తోడివానిని దూరముగా నుంచుట వలన బూజు ఆగదు. సూక్ష్మజీవికి కులము తెలియదు. కడిగి తుడిచిన చేయి ఎవరిదైనను ఒక్కటే. మాలపల్లె పిల్ల తఱిగిన ముక్కను రెడ్డివారి బాలుడును, వానిచేత ఎండిన వరుగును ఆ పిల్లయు ఒక్క పంక్తిని కూర్చుండి తినవలెను. అట్లు జరుగని యెడల ఈ పది దినములు వ్యర్థమేయని మా నిశ్చితాభిప్రాయము. ఇది ఆడపిల్లల పనియని మగపిల్లలను ఆటకు పంపుటయు కూడదు. ఆకలికి స్త్రీపురుష భేదము లేదు.

నిల్వ వేఱు, దాపఱికము వేఱు

భూవసతిగల పెద్దలతో ఒక మాట. మీ యిండ్లలో అటకలు ఇంకను ఉన్నవి. పాత జాడీలు, కాగులు ఉన్నవి. వానిని ఎట్లు వాడవలెనో తెలిసిన తల్లులున్నారు. పాఠశాలకు ఆ తల్లులను గౌరవముతో పంపుడు. పిల్లలను మీ యిండ్లకు రానిండు. కాని నిల్వ యను పేరిట గాదె క్రింద పందికొక్కులైనవారును లోకమున కలరు. 1943లో వంగదేశమున ముప్పది లక్షల వఱకు జనులు ఆకలికి చచ్చుచుండగా గిడ్డంగులలో బియ్యము దాచి ధర పెంచినవారిని దేశము మఱువలేదు. ఇంటికొఱకు, ఊరికొఱకు ఉంచినది నిల్వ. పొరుగువాని యాకలిని అమ్ముకొనుటకై ఉంచినది దోపిడి. పిల్లలకు మొదటిది నేర్పునప్పుడే రెండవదానిపై అసహ్యము కలిగింపవలెను.

కూలివాని బిడ్డకు దాచుకొనుటకు ఏమున్నదని అడుగువారు కలరు. అడుగదగిన ప్రశ్నయే. ఒంటరి యింట గాదె నిండనిచో ఊరి గాదె నిండవలెను. తెలంగాణమున జహీరాబాదు ప్రాంతపు పేద స్త్రీలు, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములుగా కూడి, 1990వ దశకమున బీడు చేలను సాగుచేసి, పండిన జొన్నలలో కొంత ఊరిలోనే నిల్వచేసి, లేమి నెలలలో తక్కువ వెలకు పేదలకు అందించిరి. చదువు లేనివారని మనము తలచిన ఆ స్త్రీలు కౌటిల్యుని కోష్ఠాగారమును తమ పల్లెలలో నిలిపిరి. వారి దారి సీమకును తెఱచియే యున్నది. పాఠశాల జాడీలతో మొదలిడిన పిల్లలు పెద్దవారై అట్టి ఊరి గాదెను కట్టగలరు.

మొక్కై వంగనిది మ్రానై వంగునా యని మనవారి మాట. పదేండ్ల వయసున ఉప్పు పాలు, ఎండ పాలు తెలిసికొన్న చేయి యెనుబదియేండ్లకును మఱువదు. వచ్చు వేసవికి లింగాల పాఠశాలలలోను, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములందలి పాఠశాలలలోను ఈ పది దినములను ఏర్పఱచుటకు ఉపాధ్యాయులును గ్రామపెద్దలును ఇప్పుడే కూర్చుండి నిర్ణయింపవలెను. గాలి మరల వీచును. వాన మరల తప్పును. సంత మరల మూతపడును. వానిని ఆపుట మన చేతిలో లేదు. ఆ దినమున మన పిల్లలు చేతులు చాచి నిలుతురా, చేతులతో పనికి పూనుకొందురా అనునది మాత్రము మన చేతిలోనే యున్నది.